మీ ఒంటి తత్వమేమిటో చెప్పనా?

ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పండి. నడుస్తుంటే మీ కీళ్లు టకటకమంటాయా? ఏదైనా ఆలోచనలో పడితే గోళ్లు కొరికేస్తుంటారా? కళ్లు అరమోడ్చి నిద్రపోతారని ఇంట్లోవాళ్లు ఏడిపిస్తారా? కలలో చెట్లెక్కడం, కొండలెక్కడం, ఏకంగా ఆకాశంలో తేలిపోవడం ఉందా? అన్నిటికీ తలూపేశారూ! అయితే మీది వాత ప్రకృతి. ఇది నేను అల్లింది కాదండోయ్. కీళ్ల చప్పుడు చరకుడు రాశాడు. గోళ్లు కొరకడం సుశ్రుతుడు పట్టుకున్నాడు. అరకన్ను నిద్ర, ఆకాశ విహారం వాగ్భటుడి లెక్కలోవి. మిమ్మల్ని ఎన్నడూ చూడని ఈ ముగ్గురు ఆయుర్వేద పెద్దలు మీ గుట్టంతా ఎంత చక్కగా రాసిపెట్టి పోయారో చూశారా!

కాదంటారా? సరే, ఇంకోటి. ఎండ తగిలితే, కోపమొస్తే కళ్లు ఎర్రబడతాయా? అందరికంటే ముందే తల నెరవడమో, పలచబడడమో మొదలైందా? పుట్టుమచ్చలు ఎక్కువా? ఆకలేస్తే ఆగలేరా? మధ్యాహ్నం కంచం ముందుకు రావడం అరగంట ఆలస్యమైతే ఆ పూట ఇంట్లో ఎవరూ మీ జోలికి రారా? పిత్తం! మన పెద్దవాళ్లు పైత్యపు ఒళ్లు అనేది ఇదే. కంగారు పడకండి. ఇలాంటివాళ్లకి కోపం ఎంత తొందరగా వస్తుందో ప్రసన్నత కూడా అంత తొందరగానే వస్తుందని సుశ్రుతుడే సర్టిఫికెట్ ఇచ్చాడు. పూలన్నా, చందనపు పూతలన్నా ప్రాణమట. కలల్లో బంగారం, మోదుగపూలు, మెరుపులు, మంటలు కనిపిస్తాయట. మోదుగపూలు! ఆ ఎరుపును కలలోకి తెచ్చి పెట్టినవాడు వైద్యుడే కాదు, కవి కూడా.

ఇక మూడో రకం. పిలిస్తే వెంటనే లేవరు. లేచినా తొందరపడరు. మాట గంభీరంగా, నెమ్మదిగా వస్తుంది. నిద్రంటే మహా ఇష్టం. కొత్త సంగతి తలకెక్కడానికి టైము పడుతుంది. కలల్లో తామర కొలనులు, బారులు తీరిన పక్షులు, మబ్బులు. చిన్నప్పుడు కూడా పెద్దగా ఏడవరట! కఫ ప్రకృతి. మన భాషలో శ్లేష్మపు ఒళ్లు. ఓర్పు, దాతృత్వం, నిలకడ అన్నీ వీళ్లకే రాసిచ్చేసి, చివర్లో వాగ్భటుడు మెల్లగా ఒక సంగతి చెబుతాడు. వీళ్లు పగ పెట్టుకుంటే అది పైకి కనబడదు, చాలాకాలం ఉంటుంది అని. మీ చుట్టాల్లో అలాంటివారు ఒక్కరైనా గుర్తొచ్చారా లేదా? పేరు చెప్పకండి. గోడలకి చెవులుంటాయి.

ఒక్క విషయంలో మాత్రం ఈ పెద్దలమీద నాకు గట్టి ఫిర్యాదు ఉంది. ప్రకృతులకి జంతువుల్ని పంచిపెట్టారు చూడండి, అక్కడ. కఫం వాళ్లకి ఏనుగు, సింహం, గుర్రం, హంస, గరుత్మంతుడు. అది చాలదని బ్రహ్మ, రుద్రుడు, ఇంద్రుడు కూడా. పిత్తం వాళ్లకి పులి, ఎలుగుబంటి, కోతి, పిల్లి. పోనీ, పులి ఉంది కాబట్టి సరిపెట్టుకోవచ్చు. మరి వాతం వాళ్లకి? కుక్క, నక్క, ఒంటె, గద్ద, ఎలుక, కాకి! ఇదేం న్యాయం? పైగా కఫం ఉత్తమం, పిత్తం మధ్యమం, వాతం హీనం అని తీర్పు కూడా. నేనొప్పుకోను. సంగీతమంటే చెవి కోసుకునేది వాతం వాళ్లేనని సుశ్రుతుడే అన్నాడు కదా. పెళ్లింట్లో నాలుగు మూలలా తిరిగి, అందరినీ పలకరించి, వంటవాళ్లతో పోట్లాడి, సన్నాయివాళ్లతో స్నేహం చేసి వచ్చేది ఎవరు? వాతం వాళ్లే. వాళ్లు లేని ఇంట్లో చడీచప్పుడూ ఉండదు.

"నాకు రెండు రకాలూ సరిపోయాయే" అంటున్నారా? భేషుగ్గా సరిపోతాయి. శాస్త్రం ఏడు ప్రకృతులు చెప్పింది. వాత, పిత్త, కఫాలనే దోషాల్లో ఒక్కొక్కటి పైచేయిగా ఉన్నవి మూడు, రెండేసి కలిసినవి మూడు, మూడూ సమంగా ఉన్నది ఒకటి. ఆ చివరిది మహా అరుదు. మనలో ఎక్కువమంది జంట సరుకే. వాతపిత్తం, పిత్తకఫం, ఇలాగన్నమాట. ఇది తల్లి కడుపులో పడ్డనాడే ఖాయమవుతుంది, బతికినన్నాళ్లూ మారదు అంటారు. మారేది దానిమీద వచ్చిపోయే హెచ్చుతగ్గులు. మీ అసలు తత్వం ప్రకృతి. ఇవాళ గుండెల్లో మంట, రేపు కడుపుబ్బరం, ఎల్లుండి రొంప, ఇదంతా వికృతి. ఈ తేడా పట్టుకున్నారా, సగం ఆయుర్వేదం మీ చేతిలో ఉన్నట్టే.

అందుకే సమతౌల్యం అంటే అందరికీ ఒకే కొలత అనుకోవద్దు. ఏ ఇంటి చారుపొడి పాళ్లు ఆ ఇంటివే కదా. మీకు పుట్టుకతో వచ్చిన పాళ్లు మీవి. అవి చెదిరితే మళ్లీ వాటి దగ్గరికే రావడం ఆరోగ్యం. పక్కింటివారి పాళ్లకి చేరుకోవడం కాదు. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. మనిషి మనిషికీ వేరే లెక్క కడుతుంది.

లెక్క కట్టే పద్ధతి కూడా చిక్కుముడి కాదు. ఒకే గుణం ఉన్నవి కలిస్తే పెరుగుతుంది, ఎదురు గుణం తగిలితే తగ్గుతుంది. అంతే. వాతానికి పొడితనం, తేలిక, చలి, గరుకు, చలనం గుణాలు. ఇప్పుడు చూడండి. వాతపు ఒంటి మనిషి రాత్రంతా ఏసీ బస్సులో ప్రయాణం చేసి, నిద్ర చెడి, పొద్దున్నే మరమరాలు తిన్నాడనుకోండి. చలి, కుదుపు, పొడి సరుకు, అన్నీ చేరాయి. కడుపుబ్బరం రాక ఏమవుతుంది? ఆ మనిషికి నువ్వుల నూనె పట్టించి, వేడినీళ్లు పోసి, వేడన్నంలో నెయ్యి వేసి పెట్టండి. లేచి కూర్చుంటాడు. వాతానికి నూనె, పిత్తానికి నెయ్యి, కఫానికి తేనె, వీటికి మించినవి లేవని వాగ్భటుడి మాట. మూడూ మన వంటింటి అలమరలోనే ఉన్నాయి. తలంటు మాట వచ్చింది కాబట్టి ఇదీ వినండి. నూనె తలకి, చెవులకి, పాదాలకి విశేషంగా పట్టించమన్నాడు. కఫం పేరుకున్నప్పుడు, తిన్నది అరగనప్పుడు మాత్రం నూనె జోలికి వెళ్లొద్దన్నాడు. రొంప చేసినవాడికి తలంటు పోస్తే నాయనమ్మ ఎందుకు కేకలేసేదో ఇప్పుడర్థమైందా?

తేనె అన్నాను కదా, మీమీద ఒక చిన్న కోపం కూడా తీర్చేసుకుంటాను. పొద్దున్నే పొగలు కక్కే నీళ్లలో తేనె కలుపుకుని తాగుతున్నారా లేదా? తేనెను వేడి చేయొద్దు, వేడివాటితో కలపొద్దు అని చరకుడు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. నీళ్లు చల్లారనివ్వండి బాబూ. ఏం, రైలు తప్పిపోతుందా?

ఇక ఫ్యాను గొడవ. ఏ ఇంట్లో లేదు చెప్పండి? ఆయనకి అయిదు మీద తిరగాలి, ఆవిడకి రెండు దాటితే దుప్పటి కావాలి. ఇద్దరూ నిజమే చెబుతున్నారు! పిత్తపు ఒళ్లు వేడిని ఓర్చుకోలేదు, వాతపు ఒంటికి చలి గిట్టదు. గ్రంథాల్లో స్పష్టంగా ఉంది. కాబట్టి "నీకన్నీ చాదస్తాలే" అని ఒకరినొకరు అనుకోవడం మానేసి, మంచాలు కాస్త అటూ ఇటూ జరుపుకోండి. కఫం వాళ్లకి ఏ బాధా లేదు. ఈ గొడవ తెల్లవార్లూ జరిగినా వాళ్లకి మెలకువ రాదు.

వేళల సంగతి చెప్పలేదు కదూ! ఇది వింటే మీరు గడియారాన్ని వేరే కళ్లతో చూస్తారు. పగటిని మూడు ముక్కలు చేయండి. మొదటి ముక్క కఫానిది, నడిమిది పిత్తానిది, చివరిది వాతానిది. రాత్రికీ అంతే. తిన్న అన్నానికీ అంతే. తినగానే ఒళ్లు బరువెక్కి కళ్లు మూతలు పడేది కఫం. అరిగేటప్పుడు వేడి పుట్టేది పిత్తం. అరిగిపోయాక తేలిక, కదలిక వాతం. ఆఖరికి ఆయుష్షు కూడా అంతే! పసితనం కఫం, నడివయసు పిత్తం, ముసలితనం వాతం. పిల్లల ముక్కులు ఎప్పుడు చూసినా కారుతుంటాయి. నలభై ఏళ్ల ఆఫీసరుగారికి గుండెల్లో మంట, నోట్లో మంట. తాతగారికి మోకాళ్ల నొప్పులు. పైగా ఆయన తెల్లవారుజామున మూడింటికే లేచి వీధి తలుపు గడియ తీస్తారు. అది రాత్రి చివరి ముక్క, వాతం వేళ. ఆయన వయసూ వాతానిదే. ఆయన్ని విసుక్కోకండి పాపం. వీలైతే వేడిగా గ్లాసుడు పాలు ఇవ్వండి.

పాలన్నాక ఇంకో సరదా సంగతి. కోష్ఠం, అంటే పేగుల తీరు, మెత్తగా ఉండే పిత్తం వాళ్లకి ఆ పాలే సుఖవిరేచనం. వాతం వాళ్ల కోష్ఠం గట్టిది, ఏం తాగినా చలించదు. మన పొద్దుటి పనుల్ని కూడా శాస్త్రం వదల్లేదన్నమాట. ఇంతకంటే వివరాలు వద్దులెండి, మీరు ఫలహారం చేస్తున్నారేమో.

ఇప్పుడు అసలు రుచైన చోటికి వచ్చాం. వంకాయ! "అబ్బే, వాతమండీ" అని కూర గిన్నె పక్కకి నెట్టేవాళ్లు ప్రతి పంక్తిలో ఒకరుంటారు. వాళ్ల చెవిన వేయండి. భావప్రకాశం అనే వైద్య గ్రంథంలో వంకాయ వాతాన్ని, కఫాన్ని పోగొట్టే కూరగాయ. ఆకలి పుట్టిస్తుంది, తేలిగ్గా అరుగుతుంది. కాకపోతే లేత కాయలు కావాలి. ముదిరి గింజపట్టినవి పిత్తం చేస్తాయి. అయినా ముదురు వంకాయతో గుత్తి వంకాయ చేసేవారిని క్షమించడానికి ఏ శాస్త్రం ఒప్పుకుంటుంది? ఉలవలు వాతకఫాలకి మందు, పిత్తానికి నిప్పు. అందుకని ఉలవచారులో వెన్న వేసుకునే ఆచారం నాకు మహా సబబుగా తోస్తుంది. మినుములు బరువు, జిడ్డు, వేడి. వాతపు ఒంటికి సున్నుండని మించిన నేస్తం లేదు. కఫపు ఒళ్లు మాత్రం ఒక్కదానితో ఆగాలి. ఆగుతారా? నేను చెప్పను.

పెరుగు దగ్గర మీరు నాతో పోట్లాడతారని తెలుసు. పెరుగు చలవ అనుకుంటాం కదా మనమంతా? కాదు! శాస్త్రం లెక్కలో పెరుగు వేడి, బరువు. రాత్రిపూట వద్దు. కాచవద్దు. వసంతం, గ్రీష్మం, శరత్తుల్లో వద్దు. తినేవేళల్లో కూడా ఒట్టి పెరుగు వద్దు. పెసరకట్టో, నెయ్యో, చక్కెరో, తేనో, ఉసిరికో తోడుండాలి. ఎండాకాలం రాత్రి పెరుగన్నంలో మామిడిపండు పిసుక్కునే జాతికి ఈ మాటలు ఎలా చెప్పేది? ఊపిరి పీల్చుకోండి, రెండు దారులున్నాయి. ఒకటి మజ్జిగ. చిలికి వెన్న తీసిన మజ్జిగ తేలిక, ఆకలి పుట్టిస్తుంది, వాతకఫాలకి మంచిది. పెరుగుమీద కసురుకున్న చరకుడే మజ్జిగను మెచ్చుకున్నాడు. రెండోది సాత్మ్యం. పుట్టినప్పటినుంచీ తిని ఒంటికి అలవాటైనది అంతగా చెరుపు చేయదని అదే శాస్త్రం అంటుంది. మానాలనుకున్నా ఒక్కసారిగా మానొద్దు, పాతిక పాతికగా తగ్గించమంటుంది. ఒక్క రాత్రిలో అలవాట్లు మార్చేయమని ఊదరగొట్టేవాళ్లు ఈ ముక్క చదివితే ఎంత బాగుండును!

ఋతువులు మారేటప్పుడూ అదే నిదానం. పోయే ఋతువులో చివరి 7 రోజులు, వచ్చే ఋతువులో మొదటి 7 రోజులు, ఈ 14 రోజుల్లో పాత అలవాట్లు కొంచెం కొంచెంగా వదలాలి, కొత్తవి కొంచెం కొంచెంగా పట్టాలి. వైద్య గ్రంథకర్త శార్ఙ్గధరుడైతే కార్తీకం చివరి 8 రోజులు, మార్గశిరం మొదటి 8 రోజులు కలిపి యమదంష్ట్ర అని పేరు పెట్టాడు. యముడి కోర! ఆ రోజుల్లో తక్కువ తిన్నవాడే బతికి బట్టకడతాడట. సరిగ్గా అప్పుడే మన వనభోజనాలు పూర్తవుతుంటాయి, ఒంటికీ విశ్రాంతి కావాలి.

తక్కువంటే ఎంత? కడుపులో రెండు పాళ్లు అన్నం, ఒక పాలు నీళ్లు, మిగిలిన పాలు గాలికి ఖాళీగా వదలమన్నాడు వాగ్భటుడు. ఆ నాలుగో పాలే మన చుట్టరికాల్లో నిలవదు. "అయ్యో, ఇంకో ముద్ద! మా ఇంట్లో మొహమాటమేంటి బావగారూ?" అంటూ గరిటె దిగిపోతుంది. ఈసారి ఎవరికైనా వడ్డించేటప్పుడు ఆ పాలు వాళ్లకే వదిలేయండి. మర్యాదకేం లోటు రాదు.

నాడి చూసే వైద్యుల్ని మీరు ఎరుగుదురా? మూడువేళ్లు మణికట్టుమీద ఆన్చి, కళ్లు మూసుకుని కూర్చునేవారు. వాతం పెచ్చు పెరిగితే నాడి పాములా, జలగలా నడుస్తుంది. పిత్తం పెరిగితే కప్పలా, కాకిలా గెంతుతుంది. కఫం పెరిగితే హంసలా, పావురంలా సాగుతుంది. ఈ నడకల లెక్క చరకుడిలో లేదు, ఆ తర్వాత ఎన్నో వందల ఏళ్లకి శార్ఙ్గధరుడిలో కనిపిస్తుంది. మన తెలుగు నేలమీద పుట్టిన బసవరాజీయంలోనూ నాడీపరీక్షకి పెద్దపీటే. సంస్కృత శ్లోకాల మధ్య తెలుగు కలిపి రాసిన వైద్య గ్రంథం అది. ఊళ్లో వైద్యుడికి అర్థం కావాలి కదా మరి! ఆ శ్రద్ధకి దణ్ణం పెట్టాలి.

ఇదంతా పాత పుస్తకాల్లోనే ఉండిపోయిందనుకోకండి. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, మరికొన్ని సంస్థలవారు కలిసి 3,416 మందిని పరీక్షించి, ప్రకృతి బాగా తేటగా ఉన్న 262 మంది మగవాళ్లని ఎంచుకుని, వాళ్ల జన్యువుల్ని పోల్చి చూశారు. 2015లో ఫలితాలు అచ్చయ్యాయి. ఒంట్లో చక్కెర వినియోగంలో పాలుపంచుకునే పీజీఎం1 అనే జన్యువుకి, పిత్త ప్రకృతికి సంబంధం కనిపించింది. చూశారా, ఆకలికి ఆగలేని పిత్తానికే అది తగిలింది! ఒక్క పరిశోధనతో అంతా రుజువైపోయిందని నేననను. ఇంకా చాలా చూడాలి. కానీ మన ఊళ్లోనే ఆ ప్రశ్న వేసినందుకు నాకు పట్టరాని సంతోషం. 2024 నవంబరు 26న కేంద్ర ప్రభుత్వం దేశమంతటా ప్రకృతి పరీక్షలు మొదలుపెడితే కోటిమందికి పైగా చేయించుకున్నారు. అంటే తమ ఒంటి తత్వం తెలుసుకోవాలన్న కుతూహలం మీకూ నాకే కాదు, అందరికీ ఉంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. తత్వం తెలుసుకోవడం వేరు, జబ్బుకి మందు వేసుకోవడం వేరు. షుగరో, బీపీయో, తగ్గని జ్వరమో ఉంటే "నాది పైత్యపు ఒళ్లులే" అని ఇంట్లో కూర్చోవద్దు. డాక్టరు దగ్గరికి వెళ్లండి. వాడుతున్న మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. చూర్ణాలు, భస్మాలు ఎవరో ఇచ్చారు కదా అని నోట్లో వేసుకోవద్దు. చదువుకున్న ఆయుర్వేద వైద్యుడు చూసి ఇవ్వాలి. ఎదురింటాయనకి కుదిరిన పథ్యం మీకు కుదరాలని లేదు. ఇంతసేపు చెప్పింది అదే కదా.

సరే, చీకటి పడుతోంది, మీకూ పనులుంటాయి. వెళ్లేముందు ఒక పని ఒప్పజెబుతాను. ప్రకృతి పుట్టుకతో వస్తుందన్నారు కాబట్టి దాని అసలు సాక్షులు మన అమ్మలే. ఈ రాత్రి మీ అమ్మగారికి ఫోను చేయండి. చిన్నప్పుడు నేను బాగా ఏడ్చేవాణ్నా, ఆకలికి ఆగేవాణ్నా, పడుకోబెడితే వెంటనే నిద్రపోయేవాణ్నా అని అడగండి. ఆవిడ చెప్పేవన్నీ ఓపిగ్గా వినండి, మధ్యలో ఫోను పెట్టేయకండి. రేపు పొద్దున్న ఇటొచ్చి మీది ఏ ప్రకృతో నాకు చెప్పాలి మరి!